షెడ్డులోని మిలిటరీ బండి: సందేహాలు – సమాధానాలు

వేలూరు దగ్గరి కమ్మవాన్‌పేటను చుట్టుపక్కల జనం మిలిటరీ ఊరనే పిలుస్తారు. తరాల తరబడి అక్కడి ఇళ్ల నుంచి సైన్యానికి మనుషులు వెళ్తున్నారు. గుడియాత్తం, పేర్నంబట్టు, కాట్పాడి వైపు తెలుగు కుటుంబాల్లోనూ సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చిన హవల్దార్లు, సుబేదార్లు, మోటారు ట్రాన్స్‌పోర్టు (ఎం.టి.) డ్రైవర్లు ఉన్నారు. అలాంటి కొన్ని ఇళ్లకు వేలంలో కొన్న పాత మిలిటరీ బండి కూడా చేరింది. ఈసారి ఉత్తరాలన్నీ ఆ బళ్ల గురించే. ఎక్కువమంది ఇంజను గురించో, రంగు గురించో అడిగారు. నేను మాత్రం కుదిరిన ప్రతిచోటా బ్రేకుల దగ్గరికీ చక్రాల దగ్గరికీ వస్తాను. అంత ఇనుము కదలకపోతే నష్టం కొన్నవాడికి ఒక్కడికే. ఆగకపోతే రోడ్డుమీద ఉన్న అందరికీ.

ప్రశ్న: మా నాయన సైన్యంలో డ్రైవరు. రిటైరయ్యాక కొన్న నిస్సాన్ వన్ టన్ బండి, ఆయన పోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. పదేళ్లు దాటింది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే స్టార్టవుతుందని మెకానిక్ అంటున్నాడు. కొట్టమంటారా?
– గుడియాత్తం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: కొట్టవద్దు. స్టార్టయినా అవుతుంది, అదే ప్రమాదం. ఇన్నేళ్లలో బేరింగుల మీది నూనె మొత్తం కిందికి జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. ఒకటో రెండో వాల్వులు గైడుల్లో బిగుసుకుని ఉండొచ్చు. ఆ స్థితిలో సెల్ఫ్ మోటారు బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, పుష్‌రాడ్ వంగుతుంది. ఈ బండిలో ఉన్నది సైన్యం జోంగా జీపులో వాడిన ఆరు సిలిండర్ల, దాదాపు 4 లీటర్ల నిస్సాన్ పెట్రోలు ఇంజనే. మొండి ఇంజను, నెమ్మదిగా లేపితే చాలాసార్లు లేస్తుంది.

ప్లగ్గులన్నీ విప్పండి. ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిలు, డీజిలు కలిపి పోసి, రెండు మూడు రోజులు వదిలేయండి. ఈలోగా ఎయిర్ క్లీనరు, సైలెన్సరు గొట్టం చూడండి. పాడుబడ్డ బండిలో ఎలుకలు ముందు కాపురం పెట్టేది అక్కడే. తర్వాత క్రాంకు పుల్లీ నట్టుకు పెద్ద స్పానర్ వేసి చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు నునుపుగా తిరగాలి. మధ్యలో గట్టిగా ఆగితే బలం చూపకండి. రాకర్ కవరు తీసి, ఏ వాల్వు కిందికి దిగి పైకి రావడం లేదో చూడండి.

పాత ఇంజన్ ఆయిలు దింపినప్పుడు రంగు చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. హెడ్ గాస్కెట్ పోయిందో, బ్లాకు పగిలిందో తేలేదాకా ఆ పని అక్కడే ఆపాలి. నూనె బాగుంటే కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పండి. గేజీలో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంటుంది. దాన్ని వాడకుండా దింపేసి, ట్యాంకు శుభ్రమయ్యేదాకా చిన్న క్యాను నుంచి పెట్రోలు ఇవ్వండి. ఖాళీ పెట్రోలు ట్యాంకుకు మాత్రం వెల్డింగు పెట్టనివ్వకండి. లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలిపోవడానికి.

ఇంజను పాడిందని సంతోషంలో బండిని వీధిలోకి తీయకండి. నాలుగు డ్రమ్ములూ విప్పి వీల్ సిలిండర్లు చూడండి. బ్రేక్ ఫ్లూయిడు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇన్నేళ్లలో ఆ నీరే లోపల తుప్పుగా మారి ఉంటుంది. మాస్టర్ సిలిండరు రబ్బర్లు, చక్రాల దగ్గరి రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా మార్చాల్సిందే. హోసు లోపలివైపు ఉబ్బి, పెడలు వదిలినా బ్రేకు వదలని బళ్లు చాలా చూశాను. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

ఇంకో మాట. ఈ రకం బళ్లలో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాలమీద ఉండదు, గేర్‌బాక్సు వెనక షాఫ్టుమీద ఉంటుంది. వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపితే డిఫరెన్షియల్ వల్ల ఆ బ్రేకు ఇక పట్టదు, బండి జాకీమీది నుంచి దొర్లుతుంది. కింద పడుకునే ముందు మిగతా చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. బండి కింద కేవలం జాకీని నమ్ముకుని పడుకోకండి.

ప్రశ్న: నా పాత ట్రక్కు చక్రం పంక్చరైతే కాట్పాడిలో రెండు షాపులవాళ్లు "ఈ రిమ్ము మేం ముట్టుకోం" అన్నారు. మూడోవాడు సుత్తి తీసుకుని కొట్టబోతుంటే నాకే భయం వేసి ఆపేశాను. ఆ మొదటి ఇద్దరూ పని రాక అన్నారా?
– కాట్పాడి నుంచి లారీ యజమాని ఒకరు

సమాధానం: పని తెలిసే అన్నారు. మీ భయమూ న్యాయమైనదే. పాత ట్రక్కుల రిమ్ములు రెండు రకాలు. ఒకదానిలో టైరును ఒక ఇనుప లాక్ రింగు పట్టి ఉంచుతుంది. రెండోదానిలో రిమ్మే రెండు సగాలుగా ఉండి, చుట్టూ బోల్టులతో బిగించి ఉంటుంది. రెండింటిలోనూ లోపలి గాలి ఆ ఇనుమును బయటికి నెడుతూనే ఉంటుంది. గాలి ఉండగా రింగు ఎగిరినా, ఆ బోల్టులు విప్పినా మనిషి బతకడం కష్టం.

రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిషు, కెనడా బళ్ల రిమ్ముమీద నట్లు రెండు వరసలు. లోపలి వరస చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేది, బయటి వరస రిమ్ము సగాలను కలిపి ఉంచేది. చక్రం విప్పేవాడు పొరపాటున బయటి వరస ముట్టుకోకుండా, ఆ నట్లకు ఎర్రరంగు వేసేవారు. మీ బండికి అలాంటి రిమ్ముంటే, ఇవాళే ఎర్రరంగు డబ్బా కొని ఆ పని చేయండి.

విప్పేముందు వాల్వు పిన్ను తీసేసి గాలి మొత్తం వదలాలి. తర్వాత వాల్వులోకి సన్నటి తీగ పోనిచ్చి, మూసుకుపోలేదని చూసుకోవాలి. వెనక జంట టైర్లుంటే రెండింటికీ ఇదే పని, రిమ్ము చిట్లి ఉంటే ఒకదాని గాలి రెండోదాన్ని తోస్తుంది. గాలి కొట్టేది ఇనుప బోనులో పెట్టే. కొక్కెంలా పట్టుకునే నాజిల్, పొడవు హోసు వాడి, మనిషి టైరుకు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. గాలి ఎక్కాక రింగు సరిగ్గా కూర్చోలేదనిపిస్తే సుత్తి తీయకూడదు. గాలంతా వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక రిమ్ము రింగును ఇంకో రిమ్ముకు వేయకండి, తుప్పు తిన్న రింగును మళ్లీ వాడకండి. బోను లేని షాపులో ఈ పని చేయించకండి, ఎంత దూరమైనా ఉన్నచోటికే పోండి.

టైరు వయసూ చూడండి. 2000 తర్వాతి టైర్ల పక్కగోడమీద నాలుగంకెలుంటాయి. 2308 అని ఉంటే 2008లో 23వ వారం. గాట్లు లోతుగానే ఉన్నాయి కదా అని అంత పాత టైరును ముందు చక్రాలకు వేయకండి.

ప్రశ్న: మా ట్రక్కుకు అసలైన మిలిటరీ ఆకుపచ్చ రంగు వేయించాలని ఉంది. షేడ్ నంబరు చెప్పగలరా?
– వేలూరు నుంచి ఒక విద్యార్థి

సమాధానం: చెప్పను. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బళ్లకే. ప్రైవేటు బండికి ఆ రంగు నేరం. సైన్యం బండి అనుకుని జనం దారి ఇస్తారు, గేటువాడు ప్రశ్న వేయడు, అందుకే ఆ నిబంధన. బాణం గుర్తున్న పాత మిలిటరీ నంబరు ప్లేటు పెట్టుకుని తిరగడమూ అంతే తప్పు. ఇసుక రంగు వేయండి, బూడిద రంగు వేయండి. ఏ రంగైనా ముందు ఆర్సీలో రాయించుకోండి.

ప్రశ్న: 1970ల నాటి మిలిటరీ బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుందా? మా తమ్ముడి సైన్యం డ్రైవింగ్ లైసెన్సుతో దాన్ని నడపొచ్చా?
– గుడియాత్తం నుంచి మాజీ సైనికుడి అన్నగారు

సమాధానం: కేంద్రం 2021 జులైలో వింటేజ్ బళ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను మొదటి రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు, తర్వాత రెన్యువల్‌కు 5,000 రూపాయలు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. పాత నంబరున్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు. ఆ బండిని రోజువారీ పనికి, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి.

మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ నిబంధనలు ద్విచక్ర వాహనాలనూ, సొంత వాడకపు నాలుగు చక్రాల బళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి. జోంగాకు అతికినంత తేలిగ్గా సరుకు ట్రక్కుకు అతకవు. ఫీజు కట్టేముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. బండికి ఇదివరకు సివిల్ నంబరే లేకపోతే దారి వేరు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరాల నుంచి బయటపడ్డ బండికి మామూలు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. వేలం కాగితాలు, చెల్లింపు రసీదు, బండి విడుదల ఉత్తర్వు, ఇంజను, చాసిస్ నంబర్లు సరిపోలడం, ఇవే మీకు ప్రాణం. ఇవేవీ చూపలేని మనిషి దగ్గర "కాగితాలు తర్వాత చేయిస్తాం" అనే మాట విని బండి కొనవద్దు. బండి వయసు తెలియకపోతే పాత మిలిటరీ నంబరులో బాణం తర్వాత వచ్చే రెండంకెలు చూడండి, అది సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం.

లైసెన్సు సంగతి. సైన్యం ఇచ్చిన లైసెన్సు అదే చట్టం 18వ సెక్షన్ కిందిది, సైన్యం బళ్లకే చెల్లుతుంది. సొంత బండికి సివిల్ లైసెన్సు, బండి బరువుకు తగిన తరగతిది, తీసుకోవాలి. మీ తమ్ముడి చేతి పని గొప్పదే కావచ్చు, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్లు అడిగేది కాగితమే.

ప్రశ్న: మా తాతయ్య శక్తిమాన్ తోలినవారు. ఇప్పుడు నాకు నేర్పుతున్నారు. ప్రతి గేరుకూ రెండుసార్లు క్లచ్ తొక్కమంటారు. మా నాన్నేమో అది పాతకాలపు అలవాటు, అక్కర్లేదంటారు. వచ్చే నెల పేర్నంబట్టు మీదుగా వి.కోటకు వెళ్లి రావాలని ఉంది.
– చిత్తూరు నుంచి ఒక కాలేజీ అమ్మాయి

సమాధానం: తాతయ్య మాటే వినమ్మా. శక్తిమాన్ జర్మనీలోని మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన బండి. 1990ల దాకా మన సైన్యాన్ని మోసింది. ఇప్పటి కార్ల గేర్‌బాక్సులో పళ్ల వేగాన్ని సమం చేసే సింక్రో రింగులుంటాయి. ఆనాటి బరువు బళ్లలో ఆ పని డ్రైవరుది.

గేరు పెంచేటప్పుడు: క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తీయి, క్లచ్ వదులు, ఇంజను వేగం తగ్గేదాకా ఒక్క క్షణం ఆగు, మళ్లీ క్లచ్ తొక్కి పై గేరు వెయ్యి. దించేటప్పుడు మధ్యలో న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉండగా ఆక్సిలరేటర్ కొంచెం తొక్కాలి. న్యూట్రల్‌లో క్లచ్ వదలడం ఎందుకంటే, అప్పుడే ఇంజను గేర్‌బాక్సు లోపలి షాఫ్టును తిప్పి దాని వేగం మార్చగలుగుతుంది. క్లచ్ తొక్కే ఉంచితే నువ్వు ఎంత ఆక్సిలరేటర్ ఇచ్చినా లోపల ఏమీ మారదు. వేగాలు కలిస్తే గేరు రెండు వేళ్లతో పడుతుంది. కరకరమంటే బలవంతం చేయకు, మళ్లీ న్యూట్రల్‌కొచ్చి మొదటి నుంచి చెయ్యి. ఖాళీ మైదానంలో ఇది చెవికి అలవాటయ్యేదాకా ఘాట్‌రోడ్డు మాట ఎత్తకు.

వేలూరు నుంచి కాట్పాడి, గుడియాత్తం, పేర్నంబట్టు మీదుగా వి.కోట, కోలారు వైపు పోయేది 75వ జాతీయ రహదారి. పేర్నంబట్టు దాటాక మలుపుల ఘాట్‌రోడ్డు వస్తుంది. ఎక్కడం కష్టం కాదు, ఇంజను వేడి గేజీ చూసుకుంటే చాలు. వచ్చేటప్పుడు దిగడమే పరీక్ష. ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగు. ఆ గేరు దిగుడు మొదలవక ముందే వేసుకో. సగం దిగి, బండి వేగం అందుకున్నాక కింది గేరు పడకపోతే చేతిలో న్యూట్రల్ మాత్రమే మిగులుతుంది. బ్రేకును అదేపనిగా ఒత్తి పట్టుకోకు. గట్టిగా తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదులు, డ్రమ్ముకు గాలి తగలనీ. కాలిన వాసన వస్తే, పెడలు లోతుకు దిగుతుంటే, చోటు చూసి ఆపి చల్లారనీ. వేడి డ్రమ్ముమీద నీళ్లు పోయించకు, పగులుతుంది. డీజిలు మిగుల్చుదామని ఇంజను ఆపి దిగే అలవాటు కొందరు పాత డ్రైవర్లకుంది. బ్రేకుకు సాయం చేసే గాలి గానీ వ్యాక్యూమ్ గానీ ఇంజను నుంచే వస్తుంది. తాతయ్య చెప్పినా ఆ ఒక్క మాట వినకు.

స్టీరింగు చక్రం లోపలికి బొటనవేళ్లు పెట్టి పట్టుకోవద్దు. పవర్ స్టీరింగు లేని బండి ముందు చక్రం రాయికి తగిలితే స్టీరింగు తిరిగి కొడుతుంది, వేలు విరుగుతుంది.

ప్రశ్న: వేలూరు ఎండలో నా పెట్రోలు మిలిటరీ బండి గంట నడిచాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. కొత్త పెట్రోలు కారణమంటున్నారు. నిజమేనా?
– వేలూరు సత్తువాచారి నుంచి

సమాధానం: ఎండా, కొత్త పెట్రోలూ రెండూ కలిసి ఉండొచ్చు. ఎండలో, ఇంజను వేడికి, పంపుకూ కార్బొరేటరుకూ మధ్య పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడుతుంది. ఆగినప్పుడు పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేయండి. కాసేపటికి స్టార్టయితే రోగం అదే. పెట్రోలు గొట్టాన్ని సైలెన్సరు వైపు నుంచి జరిపి, మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. అప్పటికీ తగ్గకపోతే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు. రేడియేటరునూ వదలకండి. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోసిన రేడియేటరు లోపల సున్నం పేరుకుని ఉంటుంది. కడిగించి, డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోయండి. "ఎండకు మంచిది" అని థర్మోస్టాట్ పీకేయకండి, దాని పని దాన్ని చేయనివ్వండి.

ఇక 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన బంకుల్లో 2023లో మొదలై ఇప్పుడు దాదాపు అంతటా అదే. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, నీటిని పీలుస్తుంది. పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు, కార్బొరేటరు వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. గొట్టం మెత్తబడి చిట్లితే పెట్రోలు పడేది వేడి సైలెన్సరుమీద. మిశ్రమం కూడా పలచనవుతుంది, మెయిన్ జెట్ ఒక మెట్టు పెద్దది వేస్తే సరిపోవచ్చు. బండి నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకులో ఆ పెట్రోలు ఉంచకండి.

ప్రశ్న: మా పాత బియ్యం మిల్లు ఆవరణలో ముక్కు పొట్టిగా, ముందు అద్దం పైభాగం ముందుకు వాలినట్టున్న ట్రక్కు చాసిస్ ఉంది. తాతల కాలంలో బస్సుగా తిరిగిందట. ఏ బండి అయి ఉంటుంది?
– గుడియాత్తం నుంచి

సమాధానం: మీరు చెప్పిన ఆనవాళ్లు రెండో ప్రపంచయుద్ధం నాటి కెనడా మిలిటరీ ట్రక్కువి. కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు ఒకే నమూనాతో వీటిని లక్షల్లో చేశాయి. ఎండ మెరుపు పైనున్న విమానాలకు కనిపించకూడదని అద్దాన్ని అలా వాల్చారు. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిన సైనిక బళ్లను ప్రభుత్వం అమ్మేసింది. కొత్త చాసిస్‌లు దొరకని ఆ రోజుల్లో వాటిమీద చెక్క బాడీలు కట్టి లారీలుగా, బస్సులుగా తిప్పారు. మీ తాతల మాట నిజమే అయి ఉంటుంది.

ఇంజను చూడండి. వీ ఆకారంలో ఎనిమిది ప్లగ్గులుంటే ఫోర్డ్, వరసగా ఆరుంటే షెవర్లే. షెవర్లే 216 ఇంజనైతే ఒక జాగ్రత్త. అందులో కనెక్టింగ్ రాడ్ బేరింగులు వైట్ మెటల్‌వి. వాటికి ఇప్పటి ఇంజన్లలోలాగా ఒత్తిడితో నూనె రాదు, రాడ్ కింది చివర నూనెను తోడుకుని జల్లుకుంటుంది. హైవేమీద తరిమితే ఆ బేరింగులు కరుగుతాయి. దయచేసి దాన్ని పాత ఇనుముకు వేయకండి. ఫోటోలు తీసి, చాసిస్ నంబరు రాసి పెట్టండి, నాకూ పంపండి. ఇలాంటివి మన జిల్లాలో ఎన్ని మిగిలాయో ఎవరూ రాసిపెట్టలేదు.

ప్రశ్న: నాలుగు చక్రాల డ్రైవు వేసుకుని నడిపితే తారురోడ్డుమీద కూడా పట్టు ఎక్కువ కదా? తీయబోతే లివరు రావడం లేదు.
– ఆంబూరు నుంచి

సమాధానం: తారుమీద వేయకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ బళ్లలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. తేడా అంతా షాఫ్టుల్లో మెలిగా పేరుకుని లివరును పట్టేస్తుంది. కొన్ని గజాలు తిన్నగా వెనక్కి నడిపితే వదులుతుంది. సుత్తితో కొట్టకండి. పాలారు ఇసుకలో మాత్రం ముందే వేసుకుని, లో రేంజిలో, టైర్లలో గాలి తగ్గించి, మధ్యలో ఆగకుండా దాటండి. రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపాలి.

ప్రశ్న: స్పేర్ పార్టులు ఎక్కడ?
– కాట్పాడి నుంచి

సమాధానం: చెన్నై పుదుపేటలో పాత సామాను దొరుకుతుంది, కానీ పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. బేరింగులకు, ఆయిల్ సీళ్లకు అంత దూరం పోనక్కర్లేదు. బేరింగుమీద నంబరు ఉంటుంది. సీలుకైతే లోపలి కొలత, బయటి కొలత, మందం రాసుకుంటే వేలూరు బేరింగు షాపులోనే చాలావరకు దొరుకుతాయి. పేరు అడక్కండి, కొలత అడగండి. బ్రేకు లైనింగులు లారీ షెడ్డులో కొత్తగా రివెట్ చేయించుకోవచ్చు. బ్రేకు రబ్బర్లు, హోసులు మాత్రం పాతవి, వాడినవి, "ఇదీ సరిపోతుంది" అని ఇచ్చినవి కొనకండి.